శశిరేఖ: నామవ్యుత్పత్తి, కథామూలం, రూపభేదాలు

స్త్రీనామాల పరిశీలనలో పదవ్యుత్పత్తిని వివరించి, అదే పేరుకు మూలమని నిర్ణయించడం పరిపాటిగా ఉంది. పదం పుట్టుక వేరు, పేరు పుట్టుక వేరు. ఈ భేదాన్ని నిరూపించడానికి తెలుగువారికి చిరపరిచితమైన ‘శశిరేఖ’ తగిన ఉదాహరణ.

రూపపరంగా ఇది తత్సమం. శశం, అనగా కుందేలు, చిహ్నంగా గలవాడు శశి. శశి యొక్క రేఖ శశిరేఖ: షష్ఠీతత్పురుషం. సంస్కృతంలోని ఆకారాంతం తెలుగులో హ్రస్వమైంది. ర, లలకు అభేదం కనుక శశిలేఖ, చంద్రలేఖ, ఇందులేఖ అనే రూపాలూ ఏర్పడ్డాయి. శశికళ సమానార్థకం. వీటన్నిటికీ సన్నని చంద్రవంక అనే అర్థం సమానమే. వ్యుత్పత్తి చెప్పగలిగింది ఇంతవరకే.

బలరాముని కుమార్తెకు ఈ పేరు ఎక్కడినుండి వచ్చిందన్నది అసలు ప్రశ్న. వ్యాసభారతంలో అభిమన్యుని భార్య ఉత్తర ఒక్కతే. తిక్కన విరాటపర్వం కూడా ఉత్తరాభిమన్యుల వివాహంతోనే ముగుస్తుంది. విష్ణుపురాణం రేవతీ బలరాములకు నిశఠుడు, ఉల్ముకుడు అనే కుమారులను పేర్కొన్నదే గాని కుమార్తెను పేర్కొనలేదు. కాబట్టి ఈ కన్య సంస్కృతేతిహాసం ఇచ్చిన పాత్ర కాదు. దేశిప్రదర్శనలు పెంచుకున్న పాత్ర. తోలుబొమ్మలాటలోను, సురభి నాటకరంగంలోను ఆమెకు దక్కిన స్థానం ఇందుకు అనుగుణంగానే ఉంది.

పేరులోని ప్రాంతీయభేదం ఈ అభిప్రాయానికి బలమైన ఆధారం. తమిళ, మరాఠీ సంప్రదాయాలలో ఆమె వత్సల. కన్నడ యక్షగానంలో కనకాంగి. 1957లో విజయావారు ‘మాయాబజార్’ను తెలుగు, తమిళ భాషలలో నిర్మించినపుడు కథ ఒకటే, నటి సావిత్రి ఒక్కరే, అయినా తెలుగులో శశిరేఖ, తమిళంలో వత్సల. మూలగ్రంథం పేరును స్థిరపరచి ఉంటే ఇంతటి భేదానికి అవకాశం ఉండేది కాదు. ఉత్తర అన్ని భాషలలోనూ ఉత్తరగానే నిలవడం గమనార్హం.

ఈ భేదం కేవలం శబ్దగతమని తోసిపుచ్చరాదు. లేగదూడపై ఆవుకు గల ప్రేమ వాత్సల్యం. వత్సల అన్న పేరు బంధుప్రేమను స్ఫురింపజేస్తుంది. పాండవులు రాజ్యం కోల్పోగానే తల్లిదండ్రులు మాట తప్పే కథలో ఆ పేరు విపరీతార్థాన్ని ధ్వనిస్తుంది. శశిరేఖ బంధాన్ని గాక రూపాన్ని సూచిస్తుంది. ఘటోత్కచుడు ఆమె రూపం ధరించగా ‘మాయాశశిరేఖ’ ఏర్పడుతుంది. రూపాన్ని చెప్పే పేరు రూపం మారే కథలో ఇమిడిపోయింది. అయితే ఇది కథనుబట్టి చేసిన వ్యాఖ్యానమే తప్ప నామకరణానికి కారణమని చెప్పడం సాహసమవుతుంది.

చలం తన తొలి నవలకు, నాయికకు ఇదే పేరు పెట్టారు. పెద్దలు నిశ్చయించిన పెళ్లిని తప్పించుకుని వలచినవాణ్ణి చేరిన కన్య పేరు, వివాహబంధాన్ని దాటి ప్రేమను వెదకిన స్త్రీకి చేరింది. రచయిత ఉద్దేశం ఏదైనా, పాఠకుని స్మృతిలో పాతకథ కదలక మానదు. నిఘంటువులోని ‘చంద్రవంక’ ఈ స్ఫురణను వివరించలేదు.

శశిరేఖ రూపంలో సంస్కృతం, జీవితంలో తెలుగు. నామపరిశోధన నిఘంటువుతో ఆరంభం కావచ్చు. రంగస్థలాన్ని, తోలుబొమ్మల తెరను పరిశీలించనిదే పూర్తికాదు.