ఉక్కును ఎటు నుంచి లాగారు?

హూడి చుట్టుపక్కల లేస్తున్న అపార్ట్‌మెంట్ల నుంచి టీఎంటీ కడ్డీలు పరీక్షకి వచ్చినప్పుడు సైట్ ఇంజినీర్లు ఆత్రంగా అడిగేది సాగుదల ఎంతని. ఎఫ్‌ఈ 500డి రకమైతే కనీసం 16 శాతం ఉండాలి. ఆ అంకె ఉక్కుకి పుట్టుకతో వచ్చిన గుణమని చాలామంది నమ్మకం. ఉక్కును లాగి తెంచడమే నా వృత్తి. ఆ అంకెలో లాగిన తీరుకి కూడా వాటా ఉందని నేను గట్టిగా చెప్పగలను.

నున్నటి కడ్డీని యంత్రంలో బిగించి లాగితే ముందు ఒళ్లంతా సాగుతుంది, తర్వాత ఒకచోట నడుము సన్నబడుతుంది. తెగడం మొదలయ్యేది పైపొరలో కాదు, ఆ నడుము నట్టనడుమ. అక్కడి లోహాన్ని నిలువునా మనం లాగుతుంటే, అడ్డంగా దాని చుట్టూ ఉన్న లోహమే లాగుతుంటుంది. మాంగనీస్ సల్ఫైడ్ లాంటి మలినపు రేణువుల దగ్గర పుట్టిన సన్నటి రంధ్రాలు ఈ అన్నివైపుల లాగుడుకి ఉబ్బి కలిసిపోతాయి. అందుకే తెగాక ఒక ముక్క గిన్నెలా, రెండోది మొన తెగిన శంకువులా మిగులుతుంది. గిన్నె అడుగు గరుకు. అంచు 45 డిగ్రీల వాలు, అది కోత బలం చేసిన పని. ఆ రెండూ కలిసే గీతను భూతద్దంలో ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

అదే కడ్డీకి చుట్టూ గాడి తీసి లాగితే, అక్కడ ఈ అన్నివైపుల లాగుడు ఎక్కువై సాగుదల కూలిపోతుంది. ఆ లాగుడుకి రంధ్రాలు ఎంత వేగంగా పెరుగుతాయో 1969లో రైస్, ట్రేసీ లెక్కగట్టారు. భౌతికశాస్త్రంలో 1946 నోబెల్ అందుకున్న బ్రిడ్జ్‌మన్ అంతకుముందే దీని రెండో వైపు చూపించాడు: చుట్టూ భారీ పీడనం పెట్టి లాగితే ఉక్కు ఎంతో ఎక్కువ సాగింది.

పదేపదే భారం పడి అలసిపోయే ఉక్కుకీ ఇదే వర్తిస్తుంది. రైలు చక్రాన్నే చూడండి. యలహంకలోని రైల్ వీల్ ఫ్యాక్టరీ 1984 నుంచి చక్రాలు పోతపోస్తోంది. ఎర్రగా కాలిన చక్రపు అంచును నీటితో చల్లారుస్తారు. అంచు ముందే గట్టిపడుతుంది. ఆనక లోపలి భాగం చల్లారి ముడుచుకుంటూ దాన్ని నొక్కి పట్టేస్తుంది. ఆ నొక్కుడు ఉన్నంతకాలం అంచులో పగులు తెరుచుకోవడం కష్టం. బ్రేకు దిమ్మ చాలాసేపు ఒరుసుకుని అంచు మితిమీరి కాలితే మాత్రం, చల్లారాక నొక్కుడు కాస్తా లాగుడుగా మారవచ్చు. బ్రేకు పట్టేసిన బోగీ వల్ల బండి ఆలస్యమైందని విసుక్కుంటాం గానీ, రైల్వేవాళ్లు ఆ చక్రాన్ని ఆపి చూసేది ఈ భయంతో కూడా.