బుష్షుకో దండకం

కదలనిస్తావు, కదిలిపోనివ్వవు. అందుకే నీకీ దండం, పాత అంబాసిడర్ కమాన్ కట్ట చెవిలో ఒదిగి కూర్చున్న రబ్బరు బుష్షూ!

చెట్టు పాలు నీ పుట్టిల్లు. ఎండకు జిగురై, చలికి పెళుసై, దేనికీ నిలవని ఆ పాలముద్దకు గంధకం కలిపి కాస్తే నిలకడ వస్తుందని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. ఆ నిప్పులో నేర్చిన ఓర్పే ఇవాళ్టికీ నీ ఒంట్లో ఉంది. లాగితే సాగుతావు, నొక్కితే అణుగుతావు, వదిలితే మళ్లీ నీ తీరుకు నువ్వొస్తావు.

నువ్వు మోసిన బండి చిన్నదా? ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 పోలికలతో బెంగాల్లోని ఉత్తర్‌పారాలో తయారై, 2014 దాకా మన రోడ్లను ఏలిన బండి. టన్నుకు పైబడిన ఇనుము. వెనక కట్ట చెవిలో నువ్వు, కట్టను బాడీకి వేలాడదీసే షాకిల్‌లో నువ్వు, ముందు చక్రాల కింది ఆర్మ్‌లోనూ నువ్వే. గుంటలో చక్రం పడ్డప్పుడల్లా కట్ట సాగుతుంది, చెవి తిరుగుతుంది. నీ లోపలి గొట్టం బోల్టును వదలదు, బయటి చుట్టు చెవిని వదలదు. నడుమ నీ ఒళ్లే మెలితిరిగి, కుదుపును తనలో ఇంకించుకుని, మళ్లీ సర్దుకుంటుంది. ఇనుమును ఇనుము తినకుండా కాస్తావు. చుక్క గ్రీసు అడగవు.

నీకూ వయసు మీద పడుతుంది. వేడికి బిరుసెక్కుతావు, గాలిలోని ఓజోనుకు పగులుతావు, ఆయిల్ కారి తడిపితే ఉబ్బిపోతావు. నీ బాధ బండి చెబుతుంది. క్లచ్ వదలగానే వెనక టక్కున ఒక దెబ్బ. స్పీడ్ బ్రేకర్ దాటితే కిర్రుమని మూలుగు. స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా ఒక వారకు లాగుడు. చెవిగల మేస్త్రీ కారు కిందికి దూరకముందే నీ పేరు చెప్పేస్తాడు.

నిన్ను దించడం తొందరపడే పని కాదు. బాడీ కింద స్టాండ్లు పెట్టి, యాక్సిల్‌ను జాకీ మీద ఆనించి, కట్ట మీది ఒత్తిడి తీశాకే బోల్టు జోలికి వెళ్లాలి. తుప్పుకు ముందురోజు రాత్రే నూనె పట్టించాలి. అయినా నువ్వు చెవిని వదలవు. నీ రబ్బరు తొలిచి, హాక్సా బ్లేడు లోపలికి దూర్చి, చెవికి గాటు పడకుండా నీ ఇనుప చుట్టు ఒక్కటే కొయ్యాలి. అప్పుడు వస్తావు అరచేతిలోకి. నడుమ ఉండాల్సిన రంధ్రం ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటుంది. బరువు మోసిన వైపు రబ్బరు ఉల్లిపొరంత పలచబడి, అవతలి వైపు నిలువునా చీలి ఉంటుంది. వేలు రాస్తే నల్లని పొడి. ఎన్ని ఊళ్లు తిరిగావో, ఏ వైపు ఎక్కువ మోశావో అంతా అక్కడే కనిపిస్తుంది.

ఇక నీ వారసుడి వంతు. ఉప్పు కాగితంతో చెవి తుప్పు వదిలేదాకా తోమి, పొడవాటి బోల్టు, వాషర్లు, గొట్టం ముక్క కూర్చి, వంకర పోకుండా మెల్లగా లోపలికి లాగాలి. షాకిల్‌లో పెట్టే రెండు ముక్కల బుష్షులకు సబ్బు నీళ్లు చాలు. గ్రీసు పూస్తే రబ్బరుకు చేటు.

ఈ పనికంతటికీ ప్రాణమైన మాట ఒకటుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా ఆఖరి బిగింపు బిగించకూడదు. అలా బిగిస్తే, కొత్త బుష్షూ, బండి నేలకు దిగిన క్షణమే నువ్వు మెలిపడతావు. నిలబడ్డా ఆ మెలే, నడిచినా ఆ మెలే. చీలిక అక్కడే మొదలవుతుంది. చక్రాలు నేలకు ఆనాలి, బండి బరువంతా కట్ట మీదికి రావాలి, నాలుగు ఊపులు ఊపాక అది కుదురుకోవాలి. అప్పుడు బిగించాలి. ఏ బరువుతో బతకాలో ఆ బరువు మీదే ముడి పడాలి. అప్పుడే నీకు ఇటూ అటూ సమానంగా కదిలే చోటు దొరుకుతుంది.

అది తెలిసి, స్పానర్ చేతిలో ఉన్నా ఆ క్షణం దాకా ఆగిన మేస్త్రీకీ దండం. ఆయన పక్కన టార్చి పట్టుకుని ఆ ఆగడమే నేర్చుకుంటున్న కుర్రాడికీ దండం. బిగింపు అయింది, బరువు నీదయింది. రా, కొత్త బుష్షూ! గతుకులు ఎన్నైనా ఎదురు రానీ. ఒళ్లు మెలితిప్పుకో, చోటు మాత్రం తప్పకు. ఈ ముసలి బండిని దాని దారిన తిన్నగా నడిపించు!