సాగర సంగమంలో బాలు ఎలా నేర్చుకున్నాడు?

కె. విశ్వనాథ్ గారి దర్శకత్వంలో 1983లో వచ్చిన సినిమా ‘సాగర సంగమం’. నిర్మాత ఏడిద నాగేశ్వరరావు గారు, సంగీతం ఇళయరాజా గారు, పాటలు వేటూరి గారు. ఇదే సినిమా తమిళంలో ‘సలంగై ఒలి’ పేరుతో వచ్చింది. అందుకే తమిళనాడులో ఉన్న మనలాంటి వాళ్ల ఇళ్లలో అమ్మమ్మ ఒక భాషలో చూస్తే, పక్కింటి వాళ్లు ఇంకో భాషలో చూశారు. బాలుగా కమల్ హాసన్, మాధవిగా జయప్రద, మాధవి కూతురిగా గాయని ఎస్.పి. శైలజ నటించారు.

చాలామంది దీన్ని ప్రేమకథ అంటారు. నేను మాత్రం ఒక ప్రశ్న పెట్టుకుని చూశాను. బాలుకు భరతనాట్యం, కూచిపూడి, కథక్ అన్నీ వచ్చు. ఇన్ని పద్ధతులు ఒక్క మనిషికి ఎలా వచ్చాయి? వాటిని ఇంకొకరికి ఎలా నేర్పాడు? నేను ఆరేళ్లుగా భరతనాట్యం నేర్చుకుంటున్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు ముఖ్యం.

ముందు మెచ్చుకోవలసినవి చెబుతాను. బాలు తల్లి పెళ్లిళ్లలో వంట చేసే మనిషి. ఒక పెళ్లిలో వేదిక మీద మంజుభార్గవి నాట్యం చేస్తుంటే, ఆ పాటకే బాలు వంటశాలలో ఆడతాడు. పిలుపు లేదు, అలంకారం లేదు. కళ డబ్బున్న వాళ్లదే కాదు అని పెద్ద మాటలు చెప్పకుండా ఆ దృశ్యం చెప్పేసింది. ఇంకొకటి, ముసలి బాలు పత్రికలో శైలజ నాట్యాన్ని విమర్శిస్తాడు. ఆ అమ్మాయి కోపంగా వస్తే, ఆమె చేసినదానిలో తప్పు ఎక్కడుందో అక్కడే ఆడి చూపిస్తాడు. ఒకే మాటకు వేర్వేరు పద్ధతుల్లో అభినయం ఎలా మారుతుందో కళ్లకు కడతాడు. తప్పు అన్నవాడు ఒప్పు ఏదో చూపాలి అనే పాఠం విమర్శ రాసే ప్రతివాళ్లకూ కావాలి.

ఇక నాకు నచ్చనిది. బాలు ఎప్పుడు చూసినా అన్నీ వచ్చినవాడిలాగే ఉంటాడు. ఏళ్ల తరబడి చేసిన సాధన మనకు కనబడదు. కష్టం అంటే సినిమాలో పేదరికం, తల్లి చావు, ఢిల్లీ ఉత్సవంలో ఆడలేకపోవడం. అవి నిజమైన బాధలే. కానీ నాట్యం నేర్చుకునే కష్టం వేరు. అది మోకాళ్లలో, మడమల్లో, నడుములో ఉంటుంది.

భరతనాట్యంలో అరమండి అని ఉంది. మోకాళ్లు రెండు పక్కలకూ విప్పి సగం కూర్చున్నట్టు నిలబడాలి. చేతులు గీత గీసినట్టు నిటారుగా చాపాలి. కథక్‌లో కాళ్లు వంచకుండా నిలబడి, వంద దాటిన గజ్జెలతో తాళం పలికించాలి, బొంగరంలా చక్కర్లు తిరగాలి. కూచిపూడిలో అరమండి ఉన్నా ఒంట్లో ఊపు వేరు. పాత్ర తానే మాట్లాడుతుంది, తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి నడుస్తుంది. ఒడిస్సీలో మెడ, నడుము, మోకాలు మూడు చోట్ల వంపు తిరగాలి. నేను ఒక వేసవి సెలవుల్లో పది రోజులు కథక్ తరగతికి వెళ్లాను. పాదం నేలను తాకగానే మోకాళ్లు వాటంతట అవే వంగేవి. శరీరం ఒక పద్ధతిని మనసుకన్నా గట్టిగా గుర్తు పెట్టుకుంటుంది. సినిమాలో కెమెరా ఒక ముక్క తర్వాత ఒక ముక్క అతికిస్తుంది కాబట్టి ఈ గొడవ మనకు తెలియదు.

అయితే ఒకే మనిషి చాలా పద్ధతులు ఆడటం అసాధ్యమా? కాదు. యామినీ కృష్ణమూర్తి గారు మదనపల్లెలో 1940లో పుట్టి, చిదంబరంలో పెరిగిన తెలుగు మనిషి. కళాక్షేత్రంలో భరతనాట్యం నేర్చారు. తర్వాత కూచిపూడికి వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి వంటి గురువుల దగ్గరకు, ఒడిస్సీకి పంకజ్ చరణ్ దాస్, కేలూచరణ్ మహాపాత్ర గార్ల దగ్గరకు వెళ్లారు. అంటే ఒకటి గట్టిగా వచ్చాక, రెండో దాని దగ్గర మళ్లీ శిష్యురాలిగా కూర్చున్నారు. ‘సాగర సంగమం’లో ఈ ‘మళ్లీ కూర్చోవడం’ లేదు. అదే నాకు పెద్ద లోటు అనిపించింది. బాలు శైలజకు నేర్పే భాగం కూడా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆమె అహంకారం ఎలా కరిగిందో తెలుస్తుంది, అడుగు ఎలా కుదిరిందో తెలియదు.

సినిమా మీద ఇంత పట్టు ఎందుకు అని అడగొచ్చు. ఎందుకంటే దాని ప్రభావం మన వార్షికోత్సవాల్లో కనబడుతోంది. నాలుగు నిమిషాల పాటలో ఒక చరణం భరతనాట్యం, ఒక చరణం కూచిపూడి, ఇంకొకటి కథక్. మూడు నెలలు నేర్చుకున్న పిల్లలు మూడు పద్ధతులూ ఆడేస్తారు. బట్టలు మారతాయి, అడుగు మారదు. మనం చప్పట్లు కొడతాం. చెల్లెళ్లు కష్టపడ్డారు, నిజమే. కానీ ఏదీ సరిగ్గా నేర్పకుండా అన్నీ వచ్చు అనిపించడం వాళ్లకు మేలు కాదు.

ఇంకో మాట కూడా వింటుంటాను. “కూచిపూడి మనది, భరతనాట్యం వాళ్లది. తెలుగు బడిలో కూచిపూడే ఉండాలి.” ఇది పూర్తి నిజం కాదు. నేడు భరతనాట్య కచేరీకి ఉన్న క్రమాన్ని తీర్చింది తంజావూరు అన్నదమ్ములు నలుగురు, చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు. వాళ్ల వర్ణాల్లో చాలా తెలుగువి. అభినయానికి ఎంచుకునే పదాల్లో ఎన్నో మువ్వ ఊరి క్షేత్రయ్యవి. తంజావూరు దగ్గర మెలట్టూరులో నరసింహ జయంతికి భాగవత మేళా వాళ్లు మెలట్టూరు వెంకటరామ శాస్త్రి రాసిన ‘ప్రహ్లాద చరిత్రము’ తెలుగులోనే ఆడతారు. నాట్యాల మధ్య గీత, భాషల మధ్య గీత ఒకటి కావు.

మా నాట్యం టీచరు తమిళం వారు. పదం నేర్పేటప్పుడు “మువ్వగోపాల అంటే ఏంటి, ఈ మాట కోపమా, అలకా?” అని తెలుగు పిల్లలమైన మమ్మల్ని అడుగుతారు. కోపానికీ అలకకూ తేడా తెలిస్తేనే కనుబొమ మారుతుంది. మనం తెలుగులో చదువుకోవడం అక్కడ పనికొస్తోంది. తరగతిలో చదివే తెలుగు ఇంకెక్కడ పనికొస్తుంది అని అడిగే పెద్దలకు ఇది నా జవాబు.

కాబట్టి ‘సాగర సంగమం’ తప్పక చూడండి. వంటశాల దృశ్యం రెండుసార్లు చూడండి. కానీ బాలులా అన్నీ రావాలి అని మాత్రం పిల్లల్ని తొందర పెట్టకండి. వచ్చే ఏడాది వార్షికోత్సవానికి ఒక్క పాట, ఒక్క పద్ధతి తీసుకుందాం. దాని అర్థం పిల్లలే వేదిక మీద తెలుగులో, తమిళంలో చెప్పి ఆ తర్వాత ఆడాలి. మిగతా పద్ధతులను ముందు కూర్చుని చూడటం నేర్చుకుందాం.