అమెరికా తెలుగు కవిత్వంలో ఊరు

అమెరికాలోని మన తెలుగువారు వ్రాసిన కవితల్లో ఊరు లేని కవితలు తక్కువ. 1965లో ఇక్కడి వలస చట్టం మారిన తరువాత వైద్యులు, ఇంజనీర్లు, ఆచార్యులు వచ్చారు. 1977లో న్యూయార్కులో తానా తొలి మహాసభ జరిగింది. నాటి నుండి వెలువడిన సభా జ్ఞాపికలు తిరగవేసినా, 1998లో మొదలైన ఈమాట పత్రిక సంచికలు చూచినా, చెరువుగట్టు, చింతచెట్టు, సంక్రాంతి ముగ్గు, అమ్మమ్మ ఆవకాయ జాడీ మనల్ని పలకరిస్తూనే ఉంటాయి. వీటిలో మంచివి ఉన్నాయి. చాలా వాటిలో మాత్రం ఉన్నది కవిత్వం కాదు, జాబితా.

ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చు. ఎందుకు అంటున్నానో చెబుతాను. నేను ఫిజీ గిర్మిట్ కుటుంబాల సంతతివాణ్ణి. మా ఇంట్లో మాట్లాడేది ఫిజీ హిందీ. తెలుగు అక్షరాలు సంఘం వారి సాయంకాలపు తరగతుల్లో దిద్దుకొన్నాను. రచ్చబండ అనే మాట నాకు జ్ఞాపకం కాదు, వాచకంలోని పాఠం. గుంటూరు జిల్లాలో పుట్టి డెట్రాయిట్‌లో ఉన్న పాఠకునికి "రచ్చబండ" అని అంటే చాలు, మిగిలినదంతా ఆయన మనస్సే పూరించుకొంటుంది. కవి ఏమీ చేయనక్కరలేదు. నావంటి వానికి కవి చూపిస్తేనే కనిపిస్తుంది. ఆ రాయి ఎండకు ఎంత కాలేది, దాని మీద ఎవరు కూర్చొనేవారు, ఎవరు దూరంగా నిలబడేవారు? అది చెప్పని కవిత నా యెదుట తలుపు మూసినట్లే. ఇది నా ఒక్కని కష్టం కాదు. 2007లో మొదలైన మనబడి వంటి తరగతుల్లో నేడు చదువుకొంటున్న అమెరికా పిల్లలు రేపు ఈ కవితలను నావలెనే జ్ఞాపకం లేకుండా చదువుతారు.

ఊరి కవిత్వం ఊరికి దూరంగా పుట్టడం తప్పేమీ కాదు. నండూరి సుబ్బారావు గారు ఎంకి పాటలు మొదలుపెట్టినది మద్రాసులో చదువుకొనే రోజుల్లోనే. అయినా ఎంకి మనకు కనిపిస్తుంది, ఆమె అలుక వినిపిస్తుంది. నెల్లూరి సీమవారైన దువ్వూరి రామిరెడ్డి గారి కృషీవలుడులో రైతు పని చేస్తూ ఉంటాడు. నా పరీక్ష ఇదే: కవితలోని పొలంలో ఎవరైనా వంగి ఉన్నారా? లేక పొలం ఒక్కటే పచ్చగా ఉన్నదా? పచ్చగా మాత్రమే ఉన్న పొలం రైలు కిటికీలో నుండి చూచిన పొలం.

ఇక్కడ మన చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. ఫిజీ చెరకు తోటలకు 1879 నుండి 1916 వరకు 60 వేలకు పైగా కూలీలు వచ్చారు. మద్రాసు రేవు నుండి ఓడలు 1903లో మొదలైనవి. వాటిలో ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాలవారు ఉన్నారు. ఊరు అంత చల్లగా చూచుకొని ఉంటే వారు అయిదేండ్ల ఒప్పందానికి వేలిముద్ర వేసేవారా? అప్పు, కరువు, కులం, ఇంటిలో రగడ, కూలీలను కూర్చే దళారి చెప్పిన తీపి అబద్ధం, ఇవన్నీ కలిసి వారిని ఓడ ఎక్కించాయి. అయినా వారు ఊరిని తలచుకొని ఏడ్చారు. విసిరివేసిన ఊరి మీద బెంగ పెట్టుకోవడం, ఇది వింత అయిన దుఃఖం. విమానం టిక్కెట్టు కొనుక్కొని రెండేండ్లకొకసారి వెళ్ళిరాగల బెంగ వేరు.

ఆ వింత దుఃఖాన్ని తెలుగులో అందరికంటె బాగా చెప్పినవారు జాషువా గారని నా అభిప్రాయం. గబ్బిలం 1941 నాటిది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని ప్రియురాలి వద్దకు పంపితే, జాషువా గారి అస్పృశ్యుడు గబ్బిలాన్ని కాశీ విశ్వనాథుని వద్దకు పంపుతాడు. గుడిలోకి గబ్బిలానికి ప్రవేశం ఉన్నది, అతనికి లేదు. దేశం మీద ప్రేమ, దేశం చేసిన అవమానం ఒకే పద్యంలో ఇముడుతాయి. అమెరికా నుండి ఊరిని తలచే ప్రతి కవీ ముందు ఈ కావ్యం చదవాలి. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గారు గ్రామాన్ని పొగిడేవారిని ఎంత గట్టిగా మందలించారో కూడ గుర్తు చేసుకోవాలి.

ఇక్కడి కవుల్లో ఈ ఎరుక ఉన్నవారు లేకపోలేదు. ఖమ్మం జిల్లా నుండి వచ్చి అమెరికా విశ్వవిద్యాలయాల్లో బోధించిన అఫ్సర్ గారు 2009లో తమ సంపుటికి "ఊరి చివర" అని పేరు పెట్టారు. ఊరి నడుమ కాదు, చివర! ఆ ఒక్క మాటతో చూచే చోటు మారిపోయింది. విన్నకోట రవిశంకర్ గారి 1993 నాటి సంపుటి పేరు "కుండీలో మర్రిచెట్టు". మర్రి కొమ్మల నుండి ఊడలు దించి నేలను వెతుక్కొనే చెట్టు. కుండీలో ఆ ఊడలు ఎక్కడికి దిగుతాయి? ప్రవాసాన్ని గురించి పది పుటల ఉపన్యాసం కంటె ఈ పేరు ఎక్కువ చెబుతుంది.

ఇక ప్రకృతి. ఇక్కడ కవులకు భాషతోనే చిక్కు ఉన్నది. తెల్లవారుజామున గడ్డి మీది చుక్కా మంచే, దారి కనిపించకుండా కమ్మేదీ మంచే, మిషిగన్‌లో మోకాలి లోతు పడేదీ మంచే. మొదటి రెండింటికీ మన జానపదులు సొగసైన పలుకుబళ్ళు ఇచ్చారు. మూడవదానికి తెలుగు ఇంకా పనిలో పడలేదు. ఆకులు రాలే కాలాన్ని మనవారు శిశిరం అంటారు. అయితే శిశిరం మాఘ ఫాల్గుణాల ఋతువు. ఇక్కడ ఆకు ఎర్రబడి రాలేది అక్టోబరులో. నాకు ఈ వాడుకతో తగవు లేదు, మాట కొత్త నేలకు వచ్చినప్పుడు కొంత జరుగుతుంది. అది జరిగిందని కవికి తెలిసి ఉండాలి, అంతే.

చివరకు ఒక మనవి. నేను పాఠాలు చెప్పే శాక్రమెంటో లోయలో వరి పండుతుంది. విశాలమైన మళ్ళకు ముందు నీరు పెట్టి, పై నుండి విమానంతో విత్తనాలు చల్లుతారు. నారుమడి లేదు, నాట్లు లేవు, కనుక నాట్ల పాటలు లేవు. కోత అయిన తరువాత చలికాలంలో ఆ మళ్ళలో మళ్ళీ నీరు నిలుపుతారు, ఉత్తరం నుండి అడవి బాతులు, కొంగలు దిగుతాయి. వరిని ఇంత ప్రేమించే మన భాషలో ఈ పొలం మీద ఒక్క కవిత నా కంట పడలేదు. ఎవరైనా వ్రాసి ఉంటే, లేక ఇకముందు వ్రాస్తే, ఈ పత్రికకు పంపవలసిందిగా కోరుతున్నాను. మా తరగతి పిల్లలను ఆ గట్టు మీదకే తీసుకొని వెళ్ళి చదివిస్తాను.