విరాటసభలో పరభావగ్రహణం: తిక్కన కీచకఘట్టం – పరిశీలన

ఎదుటివారి మనోభావం నేరుగా కనిపించదు. దానివల్ల కలిగే చూపు, మాట, చేష్ట మాత్రమే కనిపిస్తాయి. భరతుడు వీటిని అనుభావాలన్నాడు. అశ్రువు, వేపథువు, వైవర్ణ్యం మొదలైన ఎనిమిదింటిని సాత్త్విక భావాలుగా లెక్కించాడు. అయితే కన్నీరు దుఃఖంలోనూ వస్తుంది, ఆనందంలోనూ వస్తుంది. కారణమైన విభావం తెలిస్తేనే చూసేవారికి భావం నిశ్చయమవుతుంది. 13వ శతాబ్దికి చెందిన తిక్కన విరాటపర్వంలో కీచకఘట్టం ఈ సూత్రాన్ని నిరూపిస్తుంది. దాని పరిమితినీ చూపుతుంది.

కీచకుడు నిండుసభలో ద్రౌపదిని తన్నుతాడు. వలలుడనే వంటవాడి వేషంలో ఉన్న భీముడు అక్కడి పెద్ద చెట్టువైపు చూస్తాడు. అజ్ఞాతవాస రహస్యం తెలియని సభ్యులకు ఆ చూపులో విశేషం లేదు. కంకుభట్టుగా ఉన్న ధర్మరాజుకు మాత్రం అది ఆయుధం కోసం వెతికే చూపు. తమ్ముడి స్వభావమూ, సైరంధ్రి ఎవరో కూడా ఎరిగినవాడు కనుకనే ఆయన ఆ క్రోధాన్ని పసిగట్టగలిగాడు. వంటచెరకుకు వేరే చెట్లున్నాయనీ, పలువురికి నీడనూ ఫలాన్నీ ఇచ్చే ఈ చెట్టు జోలికి పోవద్దనీ అన్యాపదేశంగా వారించాడు.

ద్రౌపది దుఃఖాన్ని అదే ధర్మరాజు గుర్తించలేదనడం సరికాదు. గుర్తించాడు, కాని సమయభంగమవుతుందన్న భయంతో దానిని అంగీకరించలేదు. కులస్త్రీల మర్యాద విడిచి నటిలా సభలో నిలిచిందని మందలించాడు. నిజమైన అనుభావాన్ని అభినయంగా పేర్కొన్నాడు. ద్రౌపది ఆ నిందను కాదనలేదు. భర్త నటుడైనప్పుడు తనకు నాట్యం అలవడడంలో వింత లేదనీ, ఆయన జూదరి కూడాననీ బదులిచ్చింది. సభకు ఇది ఒక పరిచారిక ఎత్తిపొడుపు. కథ తెలిసిన సహృదయుడికి మాత్రం ఇందులో అభిమానమూ అవమానమూ కలిసి వినిపిస్తాయి.

ఆ రాత్రి ఆమె వంటశాలకు వెళ్లి భీముణ్ణి నిద్రలేపుతుంది. వచ్చిన కారణం అడిగిన భీముడితో, అన్నీ తెలిసీ ఎందుకు అడుగుతున్నావని వ్యాసమూలంలోని ద్రౌపది నిష్ఠూరమాడుతుంది. తన బాధ ఎవరికీ తెలియలేదన్నది ఆమె ఫిర్యాదు కాదు. తెలిసినవారు తెలిసినట్లు ప్రవర్తించలేదన్నదే.

కాబట్టి ఈ ఘట్టంలో పరభావగ్రహణానికి రెండు దశలు కనిపిస్తాయి: గుర్తింపు, అంగీకారం. మొదటిదానికి సన్నిహిత పరిచయం చాలు. రెండవదానికి ఎదుటివారి బాధకు బాధ్యత వహించే పూనిక కావాలి. రసచర్చ అనుభావాల వర్గీకరణతోనే ఆగిపోతే, గుర్తింపు పొంది కూడా అంగీకారం పొందని ఈ దుఃఖం విమర్శకుడి దృష్టికి రాదు.