కట్టినవారు, కూల్చినవారు, కాపాడినవారు: తెలుగు సాహిత్యంలో ప్రాచీన కట్టడాలు – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ప్రాచీన కట్టడాలను వస్తువుగా స్వీకరించిన ఆధునిక తెలుగు రచనలు ప్రధానంగా రెండు ప్రశ్నల చుట్టూ తిరిగాయి. ఈ కట్టడాన్ని నిర్మించినవారెవరు? దీన్ని కూల్చినవారెవరు? నిర్మాణానికీ పతనానికీ మధ్య వందల ఏళ్లపాటు దాన్ని నిలిపినవారెవరన్న మూడో ప్రశ్న మన కావ్యాలలో అరుదు. దేవాలయ శాసనాలలో మాత్రం ఆ ప్రశ్నకు సమాధానం ఉంది. శాసనభాషలోని 'జీర్ణోద్ధారం', 'అనుపాలనం' అనే రెండు భావనల ఆధారంగా హంపి, అమరావతి, రామప్ప, నాగార్జునకొండ, కూడవెల్లి కట్టడాలనూ, వాటిలో కొన్నింటిపై వచ్చిన రచనలనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. శిథిలం ముందు కవి

శిథిల కట్టడం తెలుగు కవిత్వంలో ప్రత్యేక కావ్యవస్తువుగా నిలదొక్కుకున్నది జాతీయోద్యమ కాలంలో. చరిత్ర పరిశోధన, ఆంధ్రాభిమానం, భావకవిత్వం కలిసి ప్రవహించిన సందర్భమది. కొమర్రాజు లక్ష్మణరావు, చిలుకూరి వీరభద్రరావు, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి పరిశోధకులు గతాన్ని ఆధారాలతో పునర్నిర్మిస్తున్న కాలంలోనే విశ్వనాథ సత్యనారాయణ 'ఆంధ్రప్రశస్తి', కొడాలి వెంకటసుబ్బారావు 'హంపీక్షేత్రము' వెలువడ్డాయి. పరిశోధకులు అందించిన చరిత్రకు ఈ కవులు కన్నీటిని జోడించారు. తెలుగు పాఠకునికి హంపి నేటికీ ఒక దుఃఖస్థలంగానే స్ఫురిస్తుందంటే అందులో కొడాలి పద్యాల పాత్ర తక్కువది కాదు.

ఈ కావ్యధోరణికి ఆయువుపట్టు 'నాడు–నేడు' అనే వైరుధ్యం. నాటి వైభవం ఒకవైపు, నేటి దైన్యం మరొకవైపు. రెంటి మధ్య నిలిచిన కవి హృదయం రసానికి ఆలంబనం. ఈ నిర్మాణం కరుణరసాన్ని బలంగా పండిస్తుంది. కానీ కాలాన్ని రెండు బిందువులకు కుదిస్తుంది. 1565లో జరిగిన యుద్ధానంతర విధ్వంసానికీ, కవి శిథిలాల మధ్య నిలిచిన క్షణానికీ నడుమ ఉన్న మూడున్నర శతాబ్దాలకు పైబడిన కాలం పద్యంలో కనిపించదు.

ఆ కాలం శూన్యం కాదు. హంపిలోనే ఉన్న విరూపాక్షాలయంలో పూజ సాగుతూనే ఉంది. 19వ శతాబ్ది తొలిదశలో దానికి పెద్దయెత్తున మరమ్మతులు జరిగాయి. విఠలాలయం శిథిలంగా మిగలడానికీ, విరూపాక్షాలయం గుడిగా నిలవడానికీ గల అంతరాన్ని శత్రువు కత్తితో మాత్రమే వివరించలేం. దెబ్బ తగిలిన తరువాత ఆ గోడను మళ్లీ పట్టించుకున్నవారు ఉన్నారా లేరా అన్నది కూడా అడగవలసి ఉంటుంది.

అమరావతి ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికి అక్కడి స్తూపం రాళ్లు కొత్త పట్టణ నిర్మాణానికి తరలిపోతున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పఫలకాలు మొదట మద్రాసుకు, వాటిలో పెక్కు అనంతరం లండనుకు చేరాయి. 18, 19 శతాబ్దాలలో ఈ స్తూపానికి కలిగిన నష్టానికి ఏ యుద్ధమూ కారణం కాదు. గమనించవలసిన మరో అంశముంది. కొత్త పట్టణాన్ని కట్టించిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడే పక్కనున్న అమరేశ్వరాలయాన్ని పునరుద్ధరించాడు. ఒకే ఊళ్లో, ఒకే ప్రభువు కాలంలో, ఒక కట్టడానికి జీర్ణోద్ధారం జరిగింది, మరొకటి రాళ్లగని అయింది. గుడికి అర్చకులున్నారు, ఉత్సవాలున్నాయి, వచ్చే భక్తులున్నారు. స్తూపాన్ని తమదనుకొనే సంఘం అప్పటికి అక్కడ లేదు. శత్రువు, కాలం అనే రెండు పాత్రలతోనే నడిచే శిథిలకావ్యం ఈ కథను చెప్పలేదు.

2. నిర్మాత కోసం అన్వేషణ

రెండో ధోరణి నిర్మాతను వెదకడం. పాలంపేటలోని రామప్ప దేవాలయం ఇందుకు చక్కని ఉదాహరణ. ఆలయ ప్రాంగణంలోని శాసనం ప్రకారం దీన్ని కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు క్రీ.శ. 1213లో నిర్మింపజేశాడు. దేవుని పేరు రుద్రేశ్వరుడు. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు కూడా ఆ పేరుకే ప్రాధాన్యం దక్కింది. జనవ్యవహారంలో మాత్రం గుడి రామప్పది, చెరువు రామప్పది. శిల్పి పేరు మీదుగానే గుడికి ఆ పేరు వచ్చిందన్న ప్రతీతి లోకంలో బలంగా ఉంది. సి. నారాయణరెడ్డి 'రామప్ప' రూపకం ఈ ప్రతీతికి సాహిత్యగౌరవం కల్పించింది.

చరిత్ర దృష్టితో ఈ కథను కల్పనగా తోసిపుచ్చడం తేలిక. సాహిత్యదృష్టితో చూస్తే అది శాసనానికి ప్రజలు చేసిన సవరణ. ప్రశస్తి పోషకుని వంశాన్ని కీర్తించింది. జనశ్రుతి ఉలి పట్టిన చేతికి పేరు పెట్టింది. శ్రీశ్రీ 'దేశచరిత్రలు' కవిత మరో అడుగు ముందుకు వేసి, శిల్పిని కూడా దాటి రాళ్లెత్తిన కూలీల దగ్గరకు చేరింది. ప్రభువు నుంచి శిల్పికి, శిల్పి నుంచి శ్రామికునికి సాగిన ఈ ప్రయాణం తెలుగు సాహిత్యచైతన్యం సాధించిన నిజమైన పురోగతి.

అయినా ఈ మూడు దశలకూ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. మూడూ నిర్మాణ ఘట్టం వద్దే ఆగుతాయి. కట్టడం పూర్తయిన మరునాటి నుంచి దాని కథ ఎవరిదన్న ప్రశ్న వీటిలో తలెత్తదు. రామప్ప గుడి పునాదిలో ఇసుక నింపిన తీరు, శిఖరానికి తేలికైన ఇటుకలు వాడిన తీరు నేడు విశేష ప్రశంసలు పొందుతున్నాయి. ఆ ప్రశంస న్యాయమైనదే. కానీ ఎనిమిది వందల ఏళ్ల మన్నికను నిర్మాణ నైపుణ్యానికే పూర్తిగా అప్పగిస్తే, ఆ తరువాతి తరాల శ్రమ లెక్కలోకి రాకుండా పోతుంది.

3. శాసనం చెప్పే మూడో వ్యక్తి

సాహిత్య విద్యార్థులు శాసనాలను సాధారణంగా రెండు ప్రయోజనాల కోసం చదువుతారు: భాషాపరిణామం కోసం, ప్రశస్తిలోని కవిత్వం కోసం. ప్రశస్తి ముగిశాక వచ్చే దానవివరాలను చరిత్రకారులకు వదిలేయడం వాడుక. మన మూడో ప్రశ్నకు సమాధానం ఉన్నది ఆ వదిలేసిన భాగంలోనే.

ద్రాక్షారామ భీమేశ్వరాలయంలోని అఖండదీప శాసనాలను తీసుకుందాం. దాత కొన్ని గొర్రెలను ఆలయానికి సమర్పిస్తాడు. 50 అనే సంఖ్య తరచుగా కనిపిస్తుంది. వాటిని పేరు చివర 'బోయ' గల ఒక పశుపాలకుడు స్వీకరిస్తాడు. ప్రతిగా అతడూ అతని సంతతివారూ నిత్యం మానెడు నెయ్యి చొప్పున దీపానికి పోయాలి. ఈ ఏర్పాటులో దాత పేరుతో పాటు పశుపాలకుని పేరు కూడా రాతికెక్కుతుంది. దాత ఒక్కసారి ఇస్తాడు. పశుపాలకుడు ప్రతిరోజూ ఇస్తాడు. శిల్పి పేరు కోసం జనశ్రుతిని ఆశ్రయించవలసి వచ్చిన మనకు, దీపాన్ని నిలిపిన మనిషి పేరు రాతి మీదనే దొరుకుతుంది.

దక్కను శాసనాలలో తరచుగా కనిపించే మరో పదబంధం 'ఖండస్ఫుటిత జీర్ణోద్ధారం'. విరిగినది, పగిలినది, శిథిలమైనది అని మూడు స్థితులను విడివిడిగా పేర్కొని, వాటిని బాగుచేయడానికి దానంలోనే వెచ్చం కేటాయించడం దీని ఉద్దేశం. గుడి కొత్తగా ఉన్ననాడే అది విరుగుతుందని, పగులుతుందని ఊహించిన భాష ఇది. ఈ భాషలో శిథిలత దుఃఖకారణం కాదు, ముందే లెక్కలో ఉన్న ఖర్చు. ఆధునిక కావ్యం విధిగా చూసిన దాన్ని శాసనం ఒక నిత్యబాధ్యతగా చూసింది.

శాసనాల చివర వచ్చే శాపవచనాలను గూడా ఈ దృష్టితో చదవవచ్చు. దానాన్ని హరించినవారికి కలిగే పాపాలే మనకు ఎక్కువగా గుర్తుంటాయి. వాటి సరసనే, ఇవ్వడం కంటే ఇచ్చినదాన్ని కాపాడడమే గొప్పదని చెప్పే శ్లోకం కూడా శాసనాలలో పదేపదే వస్తుంది. దానికి పైన అనుపాలనాన్ని నిలిపిన ఈ విలువల క్రమం మన సాహిత్య విమర్శలోకి రావలసినంతగా రాలేదు.

4. అనుపాలనానికి పరిమితులు

ఈ భావనను ఆదర్శంగా మాత్రమే చూపితే విమర్శ ఏకపక్షమవుతుంది. మొదటి పరిమితి సామాజికమైనది. దీపానికి నెయ్యి పోసే బాధ్యత వంశపారంపర్యంగా సంక్రమించింది. తరువాతి తరానికి ఆ బాధ్యతను కాదనే వీలెంత ఉండేదో శాసనం చెప్పదు. ఆలయాన్ని శ్రమతో నిలిపిన కులాలలో కొన్నింటికి ఆలయద్వారం మూసి ఉండడం కూడా చరిత్రే. కాపాడినవారి పేర్లను వెలికితీసే విమర్శ, వారు ఎంతవరకు లోపలికి రాగలిగారని కూడా అడగాలి.

రెండోది సాంకేతికమైనది. జీర్ణోద్ధారం పాతదాన్ని పాతగా ఉంచే పద్ధతి కాదు. కొత్త గోపురం, కొత్త మండపం, కొత్త పూత అందులో భాగమే. 1923లో వెలువడిన జాన్ మార్షల్ సంరక్షణ నియమావళి ఇందుకు భిన్నమైన మార్గాన్ని సూచించింది. ప్రాచీన భాగాన్ని యథాతథంగా నిలపడమే అక్కడ ముఖ్యం, పునర్నిర్మాణం పట్ల ఎంతో సంకోచం. సిమెంటు పూతల కింద శాసనాక్షరాలు కనుమరుగైన గుడులను చూసినవారు మార్షల్ జాగ్రత్తను తేలికగా కొట్టివేయలేరు. అయితే యథాతథంగా నిలిపిన కట్టడానికి కాపలాదారు మిగులుతాడు గాని, దాన్ని తమదనుకొనే ఊరు మిగలకపోవచ్చు. వస్తువును కాపాడడం, సంబంధాన్ని కాపాడడం అనే ఈ రెండింటి మధ్య ఘర్షణ నేటి వారసత్వ చర్చలన్నింటికీ మూలంలో ఉంది.

5. నీటి అడుగున ప్రశ్న

ఈ ఘర్షణ తెలుగునేలపై అత్యంత తీవ్రంగా వ్యక్తమైనది నదీలోయలలో. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ ముంపునకు గురికానున్నందున 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో విస్తృతమైన తవ్వకాలు సాగాయి. ఎంపిక చేసిన కట్టడాలను కొండపైకీ, ఒడ్డునున్న అనుపుకూ తరలించి తిరిగి నిలిపారు. మిగిలిన లోయ నీటిలో కలిసింది.

శంకుస్థాపన జరిగిన ఏడాదే సి. నారాయణరెడ్డి 'నాగార్జునసాగరం' గేయకావ్యం వెలువడింది. ఇతివృత్తం ఇక్ష్వాకుల నాటిది, పేరు రానున్న జలాశయానిది. ప్రాచీన బౌద్ధగాథను ఆధునిక ప్రాజెక్టు పేరుతో పిలవడంలోనే ఆ కాలపు విశ్వాసం ఉంది. గతాన్ని ముంచే నీరే గతానికి కొత్త పేరవుతుందన్న విశ్వాసమది. ఇందులోని శాంతిశ్రీ పేరు నాగార్జునకొండ శాసనాలలోని చాంతిసిరిని గుర్తుకు తెస్తుంది. శాసనాలలో ఆమె ఇక్ష్వాకు రాజు చాంతమూలుని సోదరి, మహాచైత్యానికి స్తంభాలను ప్రతిష్ఠించిన దాత. వీరపురుషదత్తుని పాలన 6వ ఏట వేయించిన శాసనాలు ఆమె కర్తృత్వాన్ని స్పష్టంగా చెబుతాయి. కావ్యంలో ఆ పేరు ప్రణయానికీ త్యాగానికీ సంకేతమైంది. కావ్యధర్మం దృష్ట్యా ఇది తప్పు కాదు. కానీ కట్టడాన్ని పోషించిన స్త్రీ పేరు కావ్యంలో ప్రవేశించేసరికి ఆ పోషణే మరుగున పడిందని గుర్తించాలి.

శ్రీశైలం జలాశయం కారణంగా కూడవెల్లి సంగమేశ్వరాలయానికి ఇలాంటి స్థితే ఎదురైంది. కృష్ణా తుంగభద్రల సంగమం వద్దనున్న ఈ చాళుక్యాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో తిరిగి నిర్మించారు. కట్టడం దక్కింది. దేవుని పేరు సంగమేశ్వరుడుగానే ఉంది. సంగమం మాత్రం ఆయన ముంగిట లేదు. మన క్షేత్రమాహాత్మ్యాలలో దైవం, తీర్థం, స్థలం విడదీయరానివి. ఆ సంప్రదాయంలో స్థలాన్ని కోల్పోయిన స్థలనామానికి అర్థమేమిటన్నది సాహిత్యం ఎదుర్కోవలసిన ప్రశ్న.

ఆలంపురానికి సంబంధించి గడియారం రామకృష్ణశర్మను స్మరించాలి. శాసనపరిశోధకుడిగా, పండితుడిగా ఆయన జీవితమంతా ఆ క్షేత్రంతో పెనవేసుకున్నది. ఆయన ఆత్మకథ 'శతపత్రము'ను శిథిలకావ్యాల పక్కన ఉంచి చదివితే దృక్పథంలోని తేడా తెలుస్తుంది. కట్టడాన్ని ఒకసారి దర్శించి వెళ్లే కవి కాదు ఆయన, దానితో కలిసి జీవించిన ఊరిమనిషి. దర్శించినవాని భాష శోకం, కలిసి జీవించినవాని భాష బాధ్యత. మన శిథిల సాహిత్యంలో మొదటిది విస్తారంగా ఉంది, రెండోది ఆత్మకథలలో, స్థానిక చరిత్రలలో చెదురుమదురుగా ఉంది.

6. ముగింపు

కావ్యం సంరక్షణ నివేదిక కాదు, కాబట్టి కవి నుంచి మరమ్మతు లెక్కలు ఆశించకూడదన్న వాదన ఉంది. అది సబబే. కొడాలి కంటతడి లేకపోతే హంపిని గురించి తెలుగువారిలో ఇంత మమకారం ఉండేదా అన్నదీ ఆలోచించవలసిందే. విమర్శకుని పని ఆ కన్నీటిని తప్పుపట్టడం కాదు, అది దేన్ని చూడనివ్వలేదో చెప్పడం.

కట్టినవారి వరుసలో ప్రభువు పక్కన శిల్పినీ శ్రామికునీ నిలిపిన సాహిత్యం మనది. ఆ వరుసలో చోటు దక్కవలసినవారు ఇంకా ఉన్నారు. నెయ్యి పోసిన పశుపాలకుడు, పగిలిన రాతిని సరిచేసిన పనివాడు, స్తంభాలెత్తించిన చాంతిసిరి, తమ గుడిని విప్పి తీసుకుపోతుంటే చూస్తూ నిలిచిన కూడవెల్లి గ్రామస్థులు. శాసనాల దానభాగాలను, స్థానిక చరిత్రలను, ముంపు గ్రామాల మౌఖిక కథనాలను సాహిత్యపాఠాలుగా చదివినప్పుడు వీరి జాడ దొరుకుతుంది. ముంపు గ్రామాలను ఎరిగిన తరం వృద్ధాప్యంలో ఉన్నందున, ఈ మూడింటిలో మౌఖిక కథనాల సేకరణకే ముందుగా పూనుకోవాలి. శాసనాలు రాతి మీద ఉన్నాయి, కొంతకాలం ఆగగలవు.