దుబాయి పోయినోడు శరణార్థి ఎందుకు కాలేదు?

కోరుట్లలో గానీ జగిత్యాలలో గానీ 'శరణార్థి' అనే మాట ఎవరి నోటా వినబడదు. 'దుబాయి పోయిండు' అంటరు. కువైట్ పోయినా, సౌదీ పోయినా, మస్కట్ పోయినా ఇక్కడ అది దుబాయే. శరణార్థి అంటే పేపర్లో కనబడే మనిషి, దుబాయి పోయినోడు మన వాడకట్టు మనిషి. ఈ రెండింటి నడుమ గీత ఎవరు గీసిండ్రు, దాని వల్ల లాభం ఎవరికి అన్నది మా ప్రశ్న. పశ్చిమ దేశాల ద్వంద్వ నీతి మీద తెలుగులో రాతలకు కొదవ లేదు. అయితే వాటిల్లో వియత్నాం ఉంటది, పాలస్తీనా ఉంటది, సిరిసిల్ల మాత్రం ఉండదు.

1978 సెప్టెంబరు 7 నాటి జగిత్యాల జైత్రయాత్ర మన పాఠకులకు కొత్త సంగతి కాదు. వెట్టి బంద్ కావాలన్నరు, కూలి పెంచాలన్నరు, దొరలు ఆక్రమించిన బంజర్లు వదలాలన్నరు. ఆ అన్నవాళ్ళలో మాల మాదిగ కూలీలు, చాకలి, మంగలి, గొల్ల, గౌడ కులాల వాళ్ళు ఉన్నారు. తర్వాతి నెలలోనే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఎస్.ఐ. స్థాయి అధికారి కూడా కాల్పులు జరిపించగల చట్టం అది. ఊళ్ళల్లో పోలీసు క్యాంపులు దిగినయి, కేసులు పడ్డయి. సంఘంలో తిరిగిన పోరగాండ్లు కొందరు అడవి దారి పట్టిండ్రు, కొందరు బొంబాయి పోయి అక్కడి నుంచి గల్ఫ్‌కు ఎక్కిండ్రు. అందరూ పోలీసుల భయంతోనే పోయిండ్రని మేము అనడం లేదు. ఎండిన బావి, మిత్తి మీద మిత్తి, సిరిసిల్లలో ఆగిన సాంచెలు, పెండ్లికి ఎదిగిన చెల్లె, ఇవన్నీ కలిసి మనిషిని విమానం ఎక్కించినయి. కానీ భయంతో పోయినవాళ్ళు మాత్రం ఉన్నారు. వాళ్ళను లెక్కల్లో దేనికింద రాసిండ్రు? కూలీల కింద.

1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థి ఒడంబడిక చదివితే ఈ చోద్యం అర్థమవుతుంది. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గానికి చెందడం, వీటిలో దేనివల్లనైనా పీడన తప్పదన్న సహేతుక భయంతో దేశం దాటినవాడు శరణార్థి. ఈ నిర్వచనం జగిత్యాల పోరగానికి అతికినట్టు సరిపోతుంది. కానీ ఆ కాగితం రాసింది అతని కోసం కాదు. మొదట్లో అది 1951 జనవరి 1కి ముందటి సంఘటనలకే వర్తించేది, ఆ సంఘటనలను యూరప్ వరకే పరిమితం చేసుకునే వీలు కూడా దేశాలకు ఇచ్చింది. ఆ హద్దులు 1967లో గానీ పోలేదు. అమెరికా చట్టం 1980 దాకా కమ్యూనిస్టు దేశాల నుంచీ, మధ్యప్రాచ్యం నుంచీ పారిపోయి వచ్చినవాళ్ళనే శరణార్థులుగా గుర్తించింది. దొర నుంచి, దొరకు కాపలా కాసే పోలీసు నుంచి పారిపోయినవానికి అందులో చోటేది? ఇటు భారతదేశమూ, అటు కువైట్, సౌదీ, ఖతార్, ఎమిరేట్లూ ఆ ఒడంబడిక మీద సంతకమే పెట్టలేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌లోకి చొరబడింది. భద్రతా మండలి నాలుగు రోజుల్లో 661వ తీర్మానంతో ఆంక్షలు పెట్టింది. మందులకు మినహాయింపు ఇచ్చింది. తిండికి మాత్రం 'మానవతా పరిస్థితుల్లో' అని మెలిక పెట్టింది. కువైట్‌లో చిక్కిన ఆసియా కూలీల ఆకలి మానవతా పరిస్థితి అవునా కాదా అని ఎవరు తేల్చాలి? ఆ అధికారాన్ని సెప్టెంబరు 13న 666వ తీర్మానం ఆంక్షల కమిటీకి ఇచ్చింది. అంటే న్యూయార్క్‌లో కమిటీ కూర్చుని అవునన్న తర్వాతనే మనవాళ్ళకు తిండి ఓడ. ఆ రోజుల్లో పశ్చిమ పత్రికల నిండా సద్దాం పట్టుకున్న తెల్లవాళ్ళ ముచ్చటే. జోర్డాన్ సరిహద్దు ఎడారిలో డేరాల కింద నీళ్ళ కోసం కొట్టుకులాడిన బంగ్లాదేశీలు, లంకవాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, మనవాళ్ళు ఆ పత్రికలకు ఒక గుంపు, అంతే. ఎయిరిండియా సుమారు 1.7 లక్షల మందిని తెచ్చింది, అది నిజంగా పెద్ద పనే. అయితే ఆ కథను 2016లో హిందీ సినిమా 'ఎయిర్‌లిఫ్ట్' చెప్పినప్పుడు హీరో ఎవరు? ఒక కోటీశ్వరుడైన వ్యాపారి. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, కఫీల్ పత్తా లేడు, ఇట్ల ఖాళీ చేతులతో నిలబడ్డ కూలీ అందులో గుంపులో మనిషే.

యుద్ధం అయ్యాక ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ పెట్టింది. 2022 నాటికి ఇరాక్ చమురు డబ్బు నుంచి మొత్తం 52.4 బిలియన్ డాలర్లు పంచింది. వ్యక్తులకు ముందు చెల్లించిన మాట నిజం, అది ఒప్పుకోవాలె. దేశం విడిచి పోవలసి వచ్చిన ఒంటరి మనిషికి ఆ పద్దు కింద కట్టిన ఖరీదు 2,500 డాలర్లు, ఇంకో రకం దావా వెయ్యనని ఒప్పుకుంటే 4,000. కువైట్ పెట్రోలియం కార్పొరేషన్‌కు 14.7 బిలియన్లు. పైగా అక్కడ నేరస్థుడు ఇరాక్ ఒక్కటే. పాస్‌పోర్టు గుంజుకున్న కఫీల్ ఆ లెక్కలోకి రాడు. యుద్ధానికి ముందు కువైట్‌లో నాలుగు లక్షల దాకా ఉన్న పాలస్తీనీయుల్లో అత్యధికులు 1991 తర్వాత అక్కడ లేకుండా పోయిండ్రు. 'విముక్తి' చేసిన సైన్యాలు అడ్డుపడలేదు.

కఫీల్ పద్ధతి అరబ్బుల అనాగరికత అని పశ్చిమ మేధావులు రాస్తుంటరు. బహ్రెయిన్ పరిశోధకుడు ఒమర్ అల్‌షెహాబీ మాత్రం దాని ఆధునిక రూపం 1920ల నుంచి గల్ఫ్‌లో బ్రిటిష్ పాలనాధికారుల చేతిలో తయారైందని చూపించిండు. పరాయి కూలీ బాధ్యతను ఒక యజమాని మెడకు కట్టి, పోలీసు ఖర్చు మిగిల్చుకునే ఉపాయం. వెట్టి చూసిన ఊరి మనిషికి ఇది విడమరిచి చెప్పనక్కర లేదు. దొర మారిండు, గడీ మారింది. యజమానిని వదిలి బయటపడి 'ఖల్లివల్లి' అయినవాణ్ణి అక్కడ పారిపోయిన నేరస్థుడిగా చూస్తరు.

2022 సంగతి ఇంకా వింత. మార్చి 4న యూరప్ 2001 నాటి తాత్కాలిక రక్షణ ఆదేశాన్ని మొదటిసారి అమలులో పెట్టి ఉక్రెయిన్ ప్రజలకు తలుపులు తెరిచింది. తెరవడం మంచిదే. 2015లో సిరియా వాళ్ళు వచ్చినప్పుడు అదే ఆదేశం బీరువాలో ఉంది. మళ్ళా నవంబరులో ఖతార్ ప్రపంచకప్పు. వలస కూలీల చావుల మీద యూరప్ పత్రికలు చాలా రాసినయి, కొన్ని మంచి పరిశోధనలు కూడా. నవంబరు 23న జర్మనీ ఆటగాళ్ళు చేతిపట్టీ నిషేధానికి నిరసనగా నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఫొటో దిగిండ్రు. నవంబరు 29న ఖతార్ గ్యాసు జర్మనీకి పంపే ఒప్పందం కుదిరింది, 2026 నుంచి కనీసం 15 ఏండ్లు. ఆ గ్యాసు ప్లాంట్లు కట్టే కూలీ కూడా కఫీల్ కింది మనిషే.

ఇట్ల పశ్చిమాన్ని తిట్టి ఊరుకుంటే మన అగ్రకుల మేధావులకు సుఖంగానే ఉంటది. మేము ఆ సుఖం ఇవ్వదలచుకోలేదు. 2001లో డర్బన్ జాతివివక్ష వ్యతిరేక సదస్సులో దళితులు కులాన్ని చర్చకు పెట్టమంటే, అది మా ఇంటి విషయమని అడ్డుకున్నది భారత ప్రభుత్వం. ఇజ్రాయెల్ మీద విమర్శ భరించలేక సదస్సు మధ్యలో లేచిపోయింది అమెరికా. ఒకరు బయటికి నడిచి, ఒకరు లోపల కూర్చుని, ఇద్దరూ ఒకే పని చేసిండ్రు. ఒడంబడికలోని 'ఫలానా సామాజిక వర్గం' అన్న మాటలో కులం ఇముడుతుందని మేము వాదిస్తున్నాం. దళితుడు ఆ మాట పట్టుకుని లండన్ తలుపు తడితే ఏమవుతుంది? 2023 నవంబరులో బ్రిటన్ ప్రభుత్వం భారతదేశాన్ని సురక్షిత దేశాల జాబితాలో చేర్చడానికి పూనుకుంది. ఢిల్లీతో వాణిజ్య ఒప్పందానికి అప్పటికే బేరాలు నడుస్తున్నయి, 2025 జులైలో సంతకాలు అయినయి. కల్లోలిత ప్రాంతం నుంచి వచ్చినోనికి అక్కడి అధికారి చెప్పే జవాబు ఇక ముందే తయారుగా ఉంది: నీ దేశం సురక్షితం, వాపసు పో.